ఫోటో ఉన్న పాత గాజు పేపర్‌వెయిట్లు: విప్పొచ్చా, వేరే ఫోటో ఎలా అతకాలి?

కిటికీపలక (డేటన్, ఒహాయో)

అందరికీ నమస్కారం. రెండు పేపర్‌వెయిట్ల గురించి సలహా కావాలి.

ఒకటి పలక రకం. 4 × 2½ అంగుళాలు, మందం ముప్పావు అంగుళం, పై అంచులు ఏటవాలుగా చెక్కి ఉన్నాయి. వెనక ఆకుపచ్చ బనాతు (మందపాటి ఉన్ని గుడ్డ), ఒక మూల లేచింది. లోపల ఎవరో ఆవిడ ఫోటో, గోధుమ రంగులో. మూడో వంతు మరకలే.

రెండోది గుండ్రం, 3 అంగుళాలు, పైన గోపురంలా ఉబ్బు. లోపల ఏదో ఫ్యాక్టరీ బొమ్మ. వెనక గుడ్డ లేదు, కాగితం లేదు, పాలలా తెల్లటి గాజే.

ఎంత పాతవి? వీటిని విప్పి మా తాతయ్య, అమ్మమ్మల ఫోటో పెట్టొచ్చా?

---

గాజుబిళ్ళ (పిట్స్‌బర్గ్)

రెండోదాని జోలికి వెళ్ళకండి. ముందు అది చెప్పాలి.

ఈ సరుకు స్థూలంగా రెండు కుటుంబాలు. ఒకటి అతికించినది: గాజు ముద్ద, దాని అడుగున బోర్లా అంటించిన ఫోటో, వెనక కాగితమో తోలో బనాతో. ఇంకోటి బిగిసిపోయినది: పైన పారదర్శకమైన గాజు, అడుగున పాల గాజు, రెండింటి మధ్య బొమ్మ. మీ గుండ్రం రెండో రకం. దానికి విప్పడం అనేదే లేదు. గోరు పెట్టి చూడండి, పాల గాజుకీ పై గాజుకీ మధ్య గోరు ఆగదు. వేడి పెట్టినా, బ్లేడు పెట్టినా పగలడమే.

ఈ పాల గాజు రకం ఎక్కువగా మా వైపుదే, పెన్సిల్వేనియా పడమటి భాగం. విలియం మాక్స్‌వెల్ అనే ఆయన పేటెంట్ తేదీ సెప్టెంబర్ 5, 1882. చాలావాటి అడుగున ఆ తేదీ పోత అక్షరాల్లో ఉంటుంది. తరవాత గ్రేప్‌విల్‌లో బార్న్స్ అండ్ అబ్రమ్స్, పిట్స్‌బర్గ్‌లో అబ్రమ్స్ పేపర్ వెయిట్ కంపెనీ. ఇవి కంపెనీలు తమ ఖాతాదార్లకి పంచిపెట్టిన ప్రకటనలు. ఉక్కు, పెయింటు, బీమా, రైలు సామాను, ఏదైనా సరే. అడుగు పాల గాజు మీద సన్న అక్షరాలు ఉన్నాయా? ఏటవాలు వెలుతురులో తిప్పి చూడండి.

---

బ్రోమైడ్_ప్రింట్ (విజయవాడ)

పలక రకం గురించి నేను రెండు ముక్కలు.

10 రెట్ల లూప్ (కంటికి ఆనించి చూసే చిన్న భూతద్దం) తీసుకోండి. దానికి పని దూరం, అంటే చూసే వస్తువు నుంచి ఉండాల్సిన ఎడం, అంగుళం. ముప్పావు అంగుళం గాజు కంటికి అరంగుళం మందంలా కనిపిస్తుంది (గాజు వక్రీభవన గుణకం 1.52, 19 మి.మీ.ని దాంతో భాగిస్తే 12.5). కాబట్టి ఫోకస్ అందుతుంది. 20 రెట్ల లూప్ కొంటే అందీ అందక కళ్ళు నొప్పి.

చూడాల్సింది ఇది. వరసలు తీరిన చుక్కలుంటే హాఫ్‌టోన్, అంటే పత్రికల్లో పడే అచ్చు బొమ్మ. చుక్కల్లేకుండా నీడ వెలుగులోకి కరిగిపోతే అసలు ఫోటో. అసలు ఫోటోలో కాగితం నారలు బొమ్మలోంచే కనబడి, తెల్ల భాగాలు పసుపెక్కి ఉంటే ఆల్బుమెన్, అంటే గుడ్డు తెల్లసొన పూసిన కాగితం. 1850లో వచ్చింది, 1890ల దాకా అదే రాజ్యం. నారలు కనబడకుండా నున్నగా ఉండి, నల్లటి భాగాల్లో అంచు వెంబడి నీలి వెండి మెరుపు ఉంటే జెలటిన్ సిల్వర్, అంటే వెండి లవణాలున్న జెలటిన్ పూత కాగితం.

ఇంకో పరీక్ష. 365 నానోమీటర్ల యూవీ టార్చి. చీకట్లో బనాతు లేచిన మూల నుంచి కాగితం అంచు మీద వెయ్యండి. కాగితం నీలి తెలుపుగా భగ్గుమంటే అందులో మెరుపు మందు కలిసింది. ఆ మందు ఫోటో కాగితాల్లోకి వచ్చింది 1950ల నుంచి. అంటే గాజు ఎంత పాతదైనా ఫోటో కొత్తది, లేదా మొత్తం కొత్త నకలు. నోట్లు చూసే చవక టార్చిలు చాలావరకు 395 రకం. దాంట్లో ఊదా వెలుగే ఎక్కువ, అన్నీ మెరుస్తున్నట్టే ఉంటాయి.

గాజు తనంతట తను లేత ఆకుపచ్చగా మెరిస్తే కంగారు పడొద్దు. గాజుకి రంగు పోగొట్టడానికి కలిపిన మాంగనీసు అది. పాత సోడా గాజుకి అది మంచి లక్షణమే, అయితే అదొక్కటే చూసి వయసు కట్టలేం.

---

కిటికీపలక

పరీక్ష చేశాను. చుక్కల్లేవు, నారలూ కనబడలేదు, జుట్టు దగ్గర వెండి మెరుపు ఉంది. కాగితం మెరవలేదు. గాజు పక్కలు లేత ఆకుపచ్చ. గుండ్రందాని అడుగున గ్రేప్‌విల్ అని చదవగలిగాను! దాన్ని ముట్టుకోను.

పలకలో ఆవిడెవరో తెలియదు, మరకలు కూడా. మార్చేస్తే తప్పా?

---

తడిపొడి (విశాఖపట్నం)

తప్పొప్పుల సంగతి అలా ఉంచండి, పని పరంగా నష్టం. ఫోటో, జిగురు, బనాతు, గాజు నాలుగూ ఒకే కాలానివి అయినప్పుడే దానికి పాతవస్తువు విలువ. ఫోటో తీస్తే మిగిలేది 300 గ్రాముల గాజు. (10.2 × 6.4 × 1.9 సెం.మీ. అంటే 124 ఘన సెం.మీ., సోడా గాజు సాంద్రత 2.5, ఏటవాలు అంచులకి కాస్త పోతుంది.) కొత్త ఫోటోకి కావల్సింది ఈ గాజు కాదు. ఫోటో ముందే చచ్చిపోయిన గాజు వెతకండి. నీళ్ళు దిగి గుజ్జయినవి, వెనక ఏమీ లేనివి ఎక్కడైనా దొరుకుతాయి.

దీనికి మీరు చెయ్యాల్సింది ఫోటో తీసి దాచుకోవడమే. విప్పకుండా, కెమెరాతో. స్కానర్ మీద బోర్లా పెడితే బొమ్మ స్కానర్ అద్దానికి 19 మి.మీ. ఎత్తులో ఉంటుంది. సన్నగా ఉండే సీఐఎస్ స్కానర్లలో అలికినట్టు వస్తుంది. కెమెరా నిలువుగా, ఎఫ్/8, రెండు పక్కల నుంచి 45 డిగ్రీల్లో దీపాలు, లెన్స్ చుట్టూ నల్ల గుడ్డ. మెరుపు ఇంకా పడితే పోలరైజర్.

---

కోఠి_కబాడ్ (హైదరాబాద్)

తడిపొడి గారు చెప్పింది కరెక్ట్. ఖాళీ గాజు కావాలంటే హైదరాబాద్‌ల జుమ్మేరాత్ బజార్ జూడండి, గురువారం పొద్దుగాల. బొంబాయి పోతే చోర్ బజార్. బేరానికి ముందు ఇవి జూసుకోవాలె:

అడుగు చదునా కాదా. స్టీలు స్కేలు అంచు మీద నిలబెట్టి వెనక నుంచి వెలుగు జూడండి. సందు గనబడితే ఫోటో ఎన్నడూ సరిగ్గ అతకది. అడుగుల గుంట ఉంటే లోతు ఎంతో కొలవాలె. మిల్లీమీటరు, ఒకటిన్నర గుంట ఉంటే మంచిదే, ఫోటో, అట్ట దాంట్లనే కూసుంటయి.

అంచుకు గోరు తిప్పండి. పెచ్చు లేస్తే పర్వాలేదు, నెలవంక లెక్క లోపటికి పోయిన పగులుంటే వద్దు. గది ఎప్పటికన్న పెరుగుతది.

గోపురం నెత్తిన గీతలు చూసి భయపడకండి, గవి వాడకం గుర్తులు. అసలు ఒక్క గీత లేకుంట అడుగు గూడ తళతళ అంటుంటే అనుమానపడాలె. పాతది అని చెప్పి నిరుడు పోసిన గాజు అమ్ముతరు. లోపట రాజుల ఫోటో, ఇంజను ఫోటో ఉంటే లూప్ పెట్టకుండ పైసలు తియ్యొద్దు. నూటికి నూరు ఇంక్‌జెట్ అనను గని, చూసుడు మంచిది.

---

గాజుబిళ్ళ

ఒక్క మాట కలుపుతా. ఇక్కడ పాత మేళాల జ్ఞాపికలు కూడా దొరుకుతాయి. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో టోలీడో వాళ్ళ లిబ్బీ గాజు కంపెనీ ఏకంగా మిడ్‌వే మీద కొలిమే పెట్టింది. ఆ ప్రదర్శన భవనాల ఫోటోలతో లిబ్బీ పేరున్న పేపర్‌వెయిట్లు వచ్చాయి. 1901 బఫలో, 1904 సెయింట్ లూయీ మేళాలవీ ఉన్నాయి. అలాంటివాటిలో ఫోటో సగం వెలిసినా సరే, విప్పకండి. ఊరూ పేరూ తెలియని ముఖం కన్నా భవనం, ఫ్యాక్టరీ, ప్రకటన ఉన్నవాటికే సేకరించేవాళ్ళలో పోటీ.

---

కిటికీపలక

సరే, ఆవిడ అలాగే ఉంటారు. హైదరాబాద్‌లో మా తమ్ముడు ఖాళీ గాజు ఒకటి పట్టాడు. 3 అంగుళాల గుండ్రం, గోపురం ఎత్తు 30 మి.మీ., అడుగు చదును. వెనక నల్లబడిన కాగితం గుజ్జు, దాని మీద గట్టిపడిన జిగురు. ఎలా తియ్యాలి?

---

తడిపొడి

మొదట జిగురేదో తెలుసుకోవాలి. ఓ మూల గోరంత గీరి తెల్ల పింగాణీ మీద పెట్టి, టింక్చర్ అయోడిన్ ఒక చుక్కలో పది చుక్కల నీళ్ళు కలిపి వెయ్యండి. నీలి నలుపు తిరిగితే గంజి లేదా మైదా. చల్లని నీళ్ళకే వదులుతుంది. తిరగకపోతే గోరువెచ్చని నీటి చుక్క వేసి పది నిమిషాలు ఆగండి. ఉబ్బి జారుగా అయి కాస్త వాసన వస్తే వడ్రంగులు కాచే సరేసు. రెండింటికీ లొంగకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వెయ్యాలి. దానికి మెత్తబడితే లక్క.

గాజు ఖాళీదే కాబట్టి నానబెట్టొచ్చు. పళ్ళెంలో గుడ్డ పరిచి, గది వేడిలో ఉన్న నీళ్ళు అరంగుళం పోసి, అడుగు కిందకి ఉండేలా ఉంచండి. సరేసు అయితే వేడి పెంచాలి, కానీ పావుగంటకి ఐదు డిగ్రీలకి మించి కాదు, మొత్తం 40 దాటొద్దు. మందం గాజు మీద ఒకేసారి వేడి నీళ్ళు పోస్తే పై పొర సాగుతుంది, లోపలి పొర అక్కడే ఉంటుంది. పగలకపోతే అదృష్టం. ఫ్రిజ్ పక్కన, ఏసీ కింద ఉన్నదాన్ని తెచ్చి నేరుగా పెట్టడం కూడా అదే తప్పు.

గీరడానికి వెదురు పుల్ల, లేదా పాత ప్లాస్టిక్ కార్డు ముక్క. బ్లేడు వద్దు. అడుగున పడ్డ గీత పైనుంచి పెద్దదై కనిపిస్తుంది. చివర డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క గిన్నెలు తోమే ద్రవం, తరవాత ఉత్త డిస్టిల్డ్ వాటర్, తరవాత ఆల్కహాల్ తుడుపు. కుళాయి నీళ్ళతో ముగిస్తే ఉప్పు మచ్చలు ఫోటో కింద శాశ్వతం.

---

గాజుబిళ్ళ

కడిగాక ఆ ఖాళీ గాజుని కిటికీ దగ్గర ఎండలో ఆరబెట్టకండి. ఇది భయపెట్టడం కాదు, లెక్క. 3 అంగుళాల వెడల్పు, 30 మి.మీ. ఎత్తు అంటే గోపురం వంపు వ్యాసార్థం 39 మి.మీ. పైనుంచి వచ్చిన ఎండ అడుగు దాటాక దాదాపు 5 సెం.మీ. కింద కూడుతుంది. జాలీ గిన్నె మీద పెట్టి ఆరబెడితే కింద ఉన్న గుడ్డ సరిగ్గా అక్కడ ఉంటుంది.

---

కోఠి_కబాడ్

అంటే ఫోటో పెట్టినంక గూడ టేబుల్ కాలుతదా?

---

గాజుబిళ్ళ

లేదు. ఫోటో, అట్ట అడ్డం ఉంటే ఎండ అడుగు దగ్గరే ఆగిపోతుంది. అక్కడికి వెలుతురు రెండు రెట్లు కూడా చిక్కబడదు. అప్పుడు పోయేది టేబుల్ కాదు, ఫోటో. రెట్టింపు ఎండకి రెట్టింపు వేగంగా వెలిసిపోతుంది. నిప్పు భయం నిండు గోళాలతోనూ, వెనక మూయని గాజుతోనూ.

---

బ్రోమైడ్_ప్రింట్

ఇప్పుడు ప్రింటు సంగతి. ఆ గోపురం బొమ్మని 1.35 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. మామూలు ఇంక్‌జెట్‌లో కంటికి ఆనని చుక్కలు అక్కడ ఆనుతాయి. కలర్ ల్యాబ్‌లో రసాయనాల్లో కడిగి తీసే ప్రింటు అడగండి, దాంట్లో చుక్కలుండవు. స్కాన్ మాత్రం 600 డీపీఐకి తగ్గకుండా. ఇంట్లో ఇంక్‌జెట్ తప్పదంటే పిగ్మెంట్ ఇంకు వాడండి. డై ఇంకు చెమ్మకి పారుతుంది.

కూర్పు: చుట్టూ 4, 5 మి.మీ. గోపురం వంపు మింగేస్తుంది. రెండు తలలూ మధ్య 50 మి.మీ. వృత్తంలో పడాలి. నిలబడి దిగిన ఫోటో అయితే నడుము దాకా కోసెయ్యండి. కాళ్ళ దాకా పెట్టాలని చూస్తే తలలు శనగ గింజలంత అవుతాయి.

తాతల కాలపు ఫోటోలకి బూడిద నలుపు కన్నా కాస్త వెచ్చటి టోను, మామూలుకన్నా అర స్టాపు లేత ప్రింటు. అడుగున వెలుతురు తక్కువ, ముదురు ప్రింటు బొగ్గులా కనబడుతుంది.

కోత: 76 మి.మీ. అడుగుకి ప్రింటు 74. అంచు దాకా కోస్తే ఆ అంచు నుంచే చెమ్మ పీలుస్తుంది.

అసలు ఫోటో మాత్రం పెట్టకండి. ఎంత బతిమాలినా సరే. ఎప్పటికీ నకలే.

---

కిటికీపలక

ఉత్తినే ప్రింటు పెట్టి చూశాను. మధ్యలో తడిసినట్టు ముదురు మచ్చలు, చుట్టూ పాలిపోయినట్టు. పక్కకి వంచితే ఫోటో మాయమై అద్దంలా వెండి రంగు. గాజు చెడ్డదా?

---

తడిపొడి

గాజు బంగారం. మీరు చూసింది గాలి.

కాగితం గాజుకి అక్కడక్కడ ఆనుతుంది, మిగతా చోట వెంట్రుకలో పదో వంతు గాలి పొర. ఆనిన చోట ముదురు, గాలి ఉన్నచోట పాలిపోవడం. వంచినప్పుడు వెండి రంగు ఎందుకంటే, గాజులోంచి గాలిలోకి వెలుతురు 41 డిగ్రీలు దాటి వాలితే బయటికి పోదు, వెనక్కి తిరుగుతుంది. అద్దమైపోతుంది. పలక రకాన్ని పైనుంచి ఎంత వంచి చూసినా ఇది జరగదు, పక్క అంచుల్లోంచి చూస్తేనే. గోపురంలో మాత్రం పైనుంచే మొదలవుతుంది.

దారులు రెండే. గాలిని పూర్తిగా తీసెయ్యడం, లేదా పూర్తిగా ఉంచడం. సగం సగం కుదరదు. నా ఓటు రెండోదానికి. మ్యాట్ కాగితం మీద ప్రింటు, చుట్టూ 2 మి.మీ. వెడల్పు, అర మిల్లీమీటరు మందం ఆమ్లం లేని అట్ట రింగు, దానికి బొమ్మ. ఎక్కడా ఆనదు, మచ్చల్లేవు, అతుక్కోదు, రేపు మార్చుకోవచ్చు. వంచితే అద్దమవుతుంది, అవనివ్వండి. పేపర్‌వెయిట్‌ని పైనుంచే చూస్తాం.

---

బ్రోమైడ్_ప్రింట్

ఇక్కడ నాకు ఒప్పుదల లేదు. ఆ అద్దం మెరుపుతో పాత వస్తువు ముచ్చటే పోతుంది. ఫోటో గాజు కింద ఉన్నట్టు కాక గాజులోనే ఉన్నట్టు కనబడటం కదా దీని అందం. పాతవాళ్ళు ఫోటో ముఖాన్నే జిగురు పెట్టి గాజుకి అతికించింది అందుకే.

---

తడిపొడి

పాతవాళ్ళ జిగురు గంజి, జెలటిన్. అందుకే ఇప్పుడు మన దగ్గరకొచ్చేసరికి సగం మరకలు, బూజు. 😀

---

బ్రోమైడ్_ప్రింట్

సరే, ఏది ఎందుకు చెడుతుందో చెప్తాను, కిటికీపలక గారు ఎంచుకుంటారు.

తెల్ల జిగురు: ఆరాక పారదర్శకమే, చెమ్మ తగిలితే మళ్ళీ పాలలా తిరుగుతుంది. పైగా గాజుకీ ప్లాస్టిక్ పూత ఉన్న ఫోటో కాగితానికీ మధ్య నీరు పోయే దారి లేదు, నెల తరవాత కూడా మధ్యలో పచ్చిగానే ఉంటుంది.

సూపర్ గ్లూ: ఆవిరి పట్టి తెల్ల బూడిద. రెండు గొట్టాల ఎపాక్సీ: బాగుంటుంది, కొన్నేళ్ళకి పసుపు. విప్పాలంటే గాజుకే ఎసరు.

జెలటిన్: 100 మి.లీ. నీళ్ళలో 5 గ్రాములు, ఇరవై నిమిషాలు నాననిచ్చి 45 డిగ్రీలకి వెచ్చబెట్టి వాడతారు. కాగితం వెనకనుంచి ఆరాలి, కాబట్టి ప్లాస్టిక్ పూత లేని ఫైబర్ కాగితానికే పనికొస్తుంది. చిక్కగా పూస్తే ఇంకో ప్రమాదం. ఆరుతూ ముడుచుకుని గాజు పైపొరనే పెచ్చులుగా లాగేస్తుంది. సరేసు పూసి గాజు మీద మంచుపువ్వుల డిజైను తెప్పించే పని ఉంది చూశారా, అదే సూత్రం.

నేను చెప్పేది ఓసీఏ ఫిల్ము. ఫోన్ల స్క్రీన్లు అతికే పారదర్శక జిగురు పొర. పావు మిల్లీమీటరు మందంది తీసుకోండి, పలచటిది అడుగు చిన్న వంకరల్ని నింపలేదు. హైదరాబాద్‌లో జగదీష్ మార్కెట్ ఫోన్ రిపేరు సామాను దుకాణాల్లో విడి షీట్లు దొరుకుతాయి.

క్రమం ఇది. స్నానాల గదిలో వేడి నీళ్ళు కాసేపు పారించి, దుమ్ము కిందకి దిగాక అక్కడే పని చెయ్యండి. గాజుని, ప్రింటుని చివరిసారి ఆల్కహాల్‌తో కాదు, ఉఫ్ అనే రబ్బరు బుడ్డితో దులపండి. ఫిల్ముని 78 మి.మీ. వృత్తం కోసి ఒక వైపు కవరు ఒలిచి, గాజు అడుగు మీద ఒక అంచు ఆనించి, రబ్బరు రోలరుతో రెండో అంచు దాకా మెల్లగా. మధ్యలో ఆపితే ఆపిన చోట గీత పడుతుంది. రెండో కవరు తీసి ప్రింటు కూడా అలాగే, ముఖం గాజు వైపు. ప్రింటు గ్లాసీ ల్యాబ్ కాగితమే కావాలి. ఇంక్‌జెట్ కాగితం పైపొరలో సూక్ష్మ రంధ్రాలుంటాయి, గాలి పట్టి పొగమంచులా కనబడుతుంది. మిగిలిన ఫిల్ము అంచు కొత్త బ్లేడుతో కోసెయ్యండి.

ఆవగింజంత బుడగలు ఒకటి రెండు రోజుల్లో వాటంతటవే సద్దుకుంటాయి. మధ్యలో నల్ల చుక్క ఉన్న బుడగ అయితే అది దుమ్ము, పోదు. ఒలిచి మళ్ళీ చెయ్యడమే. ప్రింటు పోతుంది, గాజు పోదు. అందుకే ప్రింట్లు మూడు తీయించమంటాను.

---

కోఠి_కబాడ్

రిపేరు దుకాణాల యూవీ జిగురు గూడ ఉంటది కదా, నీళ్ళ లెక్క?

---

బ్రోమైడ్_ప్రింట్

ఉంటుంది. దీపం గాజు వైపు నుంచి వేస్తే గట్టిపడుతుంది. కానీ ప్రింటు పక్కలకి పాకి కాగితం నారల్లోకి దిగుతుంది, అంచు చుట్టూ నూనె మరకలా చార. అడుగు బాగా వంకరగా ఉండి ఫిల్ము నింపలేని గాజుకి మాత్రమే.

---

తడిపొడి

అతికే పద్ధతి ఏదైనా వెనక మూత మీదే ఆయుష్షు. మా విశాఖ గాలికి ఇది ఇంకా ముఖ్యం.

వానాకాలంలో మూయొద్దు. తప్పకపోతే ప్రింటు, అట్ట, గాజు మూడూ గాలి చొరని డబ్బాలో, కొత్త సిలికా జెల్ 50 గ్రాములతో రెండు రోజులు ఉంచండి. చెమ్మ పట్టిన అట్టని మూసేస్తే అది లోపలే ఉండి, ఏసీ గదిలోకి వెళ్ళగానే గాజుకి ఆవిరి పడుతుంది. గాలిలో తేమ 65 శాతం దాటి కొన్నాళ్ళు నిలిస్తే జెలటిన్ మీద బూజు ఖాయం.

వరస: ప్రింటు, దాని వెనక ఆమ్లం లేని పలచటి అట్ట, ఆపైన అల్యూమినియం టేపు. టేపు గాజు అంచు మీదకి 1 మి.మీ. ఎక్కాలి, పక్కలకి మాత్రం రాకూడదు, వస్తే గోపురంలో వెండి గీతగా తిరుగుతుంది. చివర బనాతు. ఉన్ని బనాతుకి పురుగు పడుతుంది, రంగు కూడా దిగొచ్చు. తడి గుడ్డతో రుద్ది చూడండి, రంగు అంటితే పారెయ్యండి. పాలిస్టర్ ఫెల్టు నయం. అడుగు కన్నా 1 మి.మీ. తక్కువ కోస్తే అంచు లేవదు.

---

కిటికీపలక

గోపురం మీద చిన్న గీతలు సెరియం ఆక్సైడ్‌తో (గాజు పాలిష్ పొడి) పోతాయా? ఇంకోటి, పాతవి ఇండియా నుంచి ఇక్కడికి తెప్పించుకోవచ్చా?

---

గాజుబిళ్ళ

గోరుకి తగలని గీతలైతే పోతాయి. సెరియం పొడి నీళ్ళలో పలచటి మజ్జిగలా కలిపి, ఫెల్టు చక్రం తక్కువ వేగంలో, ఎప్పుడూ తడిగా. ఫెల్టు ఆరిన క్షణంలో ఒకే చోట వేడెక్కి గాజు పగులుతుంది. చేత్తో అయితే గంటలు పడుతుంది, అదే క్షేమం. ఫోటో అతికే ముందే చెయ్యండి, తరవాత చేస్తే ఆ బురద అంచుల్లోంచి లోపలికి దిగుతుంది. గోరుకి తగిలే గీతకి సిలికాన్ కార్బైడ్ అరగదీత పొడి 400, 600 నంబర్లు, ఆపైన సెరియం. కానీ గోపురం వంపు మారి బొమ్మ ఆ చోట అలలా కదులుతుంది. వదిలెయ్యమనే నా సలహా. పాల గాజు రకానికి అసలే వద్దు.

రెండోది: ఇండియాలో 1972 నాటి పురావస్తువుల చట్టం ఉంది. నూరేళ్ళు దాటిన, చారిత్రక ఆసక్తి ఉన్న వస్తువుని విడి మనుషులు దేశం దాటించకూడదు. తక్కువ వయసుదే అనుకుంటే కూడా పంపే ముందు పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదని ధ్రువపత్రం తీసుకోవడం మేలు. ఖాళీ గాజు, కొత్త ఫోటో అయినా కొరియర్ కాగితంలో 'యాంటిక్' అని మాత్రం రాయించకండి. కాని దాన్ని అయినట్టు చెప్పుకుని ఆగిపోవడం ఎందుకు.

---

కిటికీపలక

తమ్ముడికి ఫిల్ము పద్ధతి చెప్పాను, ల్యాబ్‌లో మూడు ప్రింట్లు. రెండోసారికి దుమ్ము లేకుండా వచ్చింది. ఒకటే అనుమానం: పక్కనుంచి చూస్తే ప్రింటు చుట్టూ 1 మి.మీ. సన్న తెల్ల గీత ఉంగరంలా తిరుగుతోంది.

---

బ్రోమైడ్_ప్రింట్

అది కాగితం కోసిన అంచు. ప్రింటు కాగితం లోపల తెలుపు కదా. వెనక మూత వెయ్యకముందే నల్లటి ఆర్కైవల్ పెన్నుతో ఆ కోత అంచు మీద ఒక్కసారి తిప్పమనండి. పెన్ను నిలువుగా పట్టాలి, వాలిస్తే ఇంకు జిగురు పొరలోకి పాకుతుంది. గోధుమ టోను ప్రింటు అయితే నలుపు కన్నా ముదురు గోధుమ ఇంకు బాగుంటుంది.

---

కోఠి_కబాడ్

తమ్ముడికి చెప్పుండ్రి, ఆ కొట్టాయన దగ్గర పోయిన గురువారం పలక రకం ఖాళీయి ఇంక రెండున్నయి. ఒకదానికి మూల పెచ్చు, రెండోది మంచిగుంది.